మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయని కీమో మానుకోవాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక పల్లె. చాలా ఏళ్లుగా బరంపురంలో స్థిరపడ్డాము. మా నాన్నగారికి 66 ఏళ్లు. కొబ్బరి తోటల్లో పని చేశారు, చిన్నప్పటి నుంచి చుట్ట అలవాటు ఉంది. దగ్గు తగ్గక, ఛాతీలో నీరు చేరితే పరీక్షలు చేయించాము. ముక్క పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, ఎడినోకార్సినోమా రకమని, నాలుగో దశ అని చెప్పారు. రెండు నెలల క్రితం క్రియాటినిన్ (కిడ్నీ మందగిస్తే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.3, బరువు 52 కిలోలు ఉండగా విశాఖపట్నంలో చూసిన డాక్టరు గారు కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అనే మందులతో కీమో రాశారు. డబ్బు సమకూర్చుకుని బయలుదేరే ముందు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 వచ్చింది. రిపోర్టులో జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత శుద్ధిచేస్తున్నాయో చూపే అంకె) 38 అని ఉంది. ఇప్పుడు బరువు 48 కిలోలు. ఇక్కడ చూపించిన మరో డాక్టరు గారు, ఈ కిడ్నీలతో కీమో ఇస్తే నేరుగా డయాలసిస్‌కే వెళ్తారు, మానేయండి అన్నారు. మా ఊళ్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక బంధువులంతా అదే అంటున్నారు. మా బావగారు మాత్రం విశాఖ వెళ్లి మొదలుపెట్టేద్దాం అంటున్నారు. ఛాతీ నొప్పికి మందుల షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్రలు నెలకు పైగా వేసుకుంటున్నారు. నాన్నగారికి జబ్బు పేరు ఇంకా చెప్పలేదు. కీమో ఇప్పించాలా, వద్దా? ఇప్పిస్తే అంత దూరం ఎన్నిసార్లు తిప్పాలి?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి మీ నాన్నగారికి చికిత్స మానుకోవలసిన కారణం నాకు కనిపించడం లేదు. అలాగని రెండు నెలల నాటి చీటీ పట్టుకుని వెళ్లి, అందులో రాసిన మందులను అదే మోతాదులో ఎక్కించుకోవడమూ క్షేమం కాదు. కిడ్నీ బలహీనంగా ఉన్నప్పుడు కీమో ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న కన్నా, ఏ మందు, ఎంత మోతాదులో, ఏ రోజు తీసిన రక్తపరీక్షను బట్టి ఇవ్వాలి అన్న ప్రశ్న ముఖ్యం. మీకు చెప్పిన ఇద్దరు వైద్యులలో ఒకరు 1.3 ఉన్న రోజున చూశారు, మరొకరు 1.9 ఉన్న రోజున చూశారు. ఆ రెండు అంకెల మధ్య ఏమి జరిగిందో ఇంకా ఎవరూ విచారించినట్టు లేదు. నేను రోగిని చూడలేదు కనుక ఇక్కడ రాసేది మీ వైద్యులతో మీరు మాట్లాడటానికి ఉపయోగపడే సమాచారంగా తీసుకోండి, మందుల చీటీగా కాదు.

అన్నిటికంటే ముందు ఆ డైక్లోఫెనాక్‌ను ఈ రోజే ఆపించండి. కిడ్నీలోకి రక్తాన్ని తీసుకుపోయే సన్నని నాళాలు తెరుచుకుని ఉండటానికి శరీరంలో కొన్ని సహజ రసాయనాలు తోడ్పడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు నొప్పితో పాటు ఆ రసాయనాలను కూడా అణచివేస్తాయి. కిడ్నీ బాగున్న యువకుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు గాని, అప్పటికే బలం తగ్గి, తిండి సరిగా తినక, నీరు సరిగా తాగని పెద్దాయన నెల రోజులు వేసుకుంటే క్రియాటినిన్ పెరగడం ఆశ్చర్యం కాదు. స్కాన్ తీసేటప్పుడు నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు, వాంతులు, విరేచనాలు, కొన్ని రకాల బీపీ మాత్రలు, పెరిగిన ప్రోస్టేట్ వల్ల మూత్రం సరిగా జారకపోవడం కూడా ఇదే పని చేస్తాయి. అందుచేత పొట్టకు అల్ట్రాసౌండ్, మూత్ర పరీక్ష, రక్తంలో సోడియం, పొటాషియం చేయించి, నొప్పి మాత్ర ఆపిన వారం పది రోజుల తరువాత క్రియాటినిన్ మళ్లీ చూడాలి. 1.9లో కొంత భాగం తాత్కాలికమైనదై ఉండి, అది వెనక్కి తగ్గే అవకాశం ఉంది. ఆ అవకాశాన్ని పరీక్షించకుండా కిడ్నీలు పోయాయని తీర్మానించడం తొందరపాటు.

మీ ఊరి నేపథ్యాన్ని కూడా మరువకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో, ఉద్దానం అని మనమంతా పిలిచే ఆ కొబ్బరి, జీడి తోటల సీమలో, మధుమేహం గాని, ముందునుంచి బీపీ గాని లేనివారికి కూడా దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వస్తున్నది. ఇదే దానికి కారణమని ఇంతవరకు శాస్త్రం తేల్చలేదు. ఆ వ్యాధి లక్షణం ఏమిటంటే, కాళ్ల వాపు గాని, మూత్రంలో ఎక్కువగా ప్రోటీన్ పోవడం గాని లేకుండా చాలాకాలం చప్పుడు చేయకుండా ముదురుతుంది. కనుక రెండు నెలల క్రితం కనిపించిన 1.3 కూడా మీ నాన్నగారి విషయంలో పూర్తి ఆరోగ్యానికి గుర్తు అనుకోలేము. గత నాలుగైదేళ్లలో ఏ వైద్యశిబిరంలోనైనా, ఏ ఆసుపత్రిలోనైనా ఆయనకు క్రియాటినిన్ చూసి ఉంటే ఆ పాత కాగితాలు వెతకండి. ఉద్దానం ఇళ్లలో అలాంటి చీటీలు తరచు బీరువా అడుగున దొరుకుతాయి, అవి ఇప్పుడు ఎంతో విలువైనవి.

ఇక రిపోర్టులోని 38 అనే అంకె సంగతి. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. క్యాన్సర్ వల్ల కండ తరిగిపోయిన మనిషిలో అది తక్కువగానే తయారవుతుంది కాబట్టి, కిడ్నీ పని ఎంత తగ్గినా రక్తంలో అంకె అంతగా పెరగదు. మీ నాన్నగారు రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. ప్రయోగశాలలు ముద్రించే జీఎఫ్ఆర్, వయసును, క్రియాటినిన్‌ను లెక్కలోకి తీసుకుంటుంది గాని బరువును తీసుకోదు, పైగా మధ్యస్థమైన దేహ పరిమాణానికి సరిపెట్టి చెబుతుంది. కీమో మోతాదులకు చాలాకాలంగా వాడుకలో ఉన్న మరో లెక్క 1976 నాటి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రం: 140 నుంచి వయసు తీసివేసి, దాన్ని బరువుతో హెచ్చించి, 72ను క్రియాటినిన్‌తో హెచ్చించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. మీ నాన్నగారికి 74ను 48తో హెచ్చిస్తే 3552, 72ను 1.9తో హెచ్చిస్తే 136.8, భాగిస్తే నిమిషానికి 26 మిల్లీలీటర్లు. అంటే ఒకే రక్తపరీక్ష నుంచి ఒక పద్ధతిలో 38, మరో పద్ధతిలో 26 వచ్చాయి. రెండు నెలల క్రితపు అంకెలతో కూడా వేసి చూశాను: రిపోర్టు పద్ధతిలో సుమారు 60, రెండో పద్ధతిలో 41.

ఈ తేడా కేవలం లెక్కల ముచ్చట కాదు, ఏ మందు ఇవ్వవచ్చో, ఎంత ఇవ్వవచ్చో దీని మీదే ఆధారపడి ఉంది. ఇంత తేడా వచ్చినప్పుడు, సన్నగా ఉన్న రోగులలో, సిస్టాటిన్ సీ అనే రక్తపరీక్ష గాని, డీటీపీఏ స్కాన్ అనే కిడ్నీ పరీక్ష గాని చేయిస్తే నిజమైన అంకెకు మరింత దగ్గరగా వెళ్లవచ్చు. మొదటిది కండరాల మీద అంతగా ఆధారపడదు. రెండో దానిలో కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఇచ్చి, కిడ్నీలు దాన్ని ఎంత వేగంగా బయటికి పంపుతున్నాయో నేరుగా కొలుస్తారు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇది దొరుకుతుంది. మీ వైద్యుణ్ని తప్పకుండా అడగండి.

కీమో అంటే కిడ్నీ పోతుందన్న భయం గాలిలోంచి పుట్టలేదు. 1978లో అమెరికాలో అనుమతి పొంది, ఇప్పటికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాడుతున్న సిస్‌ప్లాటిన్ అనే మందు కిడ్నీలోని సన్నని గొట్టాల కణాలలో పేరుకుని వాటిని నేరుగా దెబ్బతీస్తుంది; రక్తంలో మెగ్నీషియం పడిపోయేలా చేస్తుంది; దాన్ని ఇచ్చేటప్పుడు ముందూ వెనుకా సీసాల కొద్దీ సెలైన్ ఎక్కించవలసి వస్తుంది. నిమిషానికి 50, 60 కంటే తక్కువగా శుద్ధిచేసే కిడ్నీలున్నవారికి సాధారణంగా దాన్ని ఇవ్వరు. మీ నాన్నగారికి అది వద్దు, ఆ విషయంలో బరంపురం వైద్యుని భయం న్యాయమైనదే. అయితే మీకు రాసిన చీటీలో ఉన్నది సిస్‌ప్లాటిన్ కాదు. దాని తోబుట్టువు వంటి కార్బోప్లాటిన్ కిడ్నీని చాలా తక్కువగా బాధిస్తుంది. దాని దెబ్బ ఎక్కువగా ఎముక మజ్జ మీద, ముఖ్యంగా ప్లేట్‌లెట్ల మీద పడుతుంది.

కాని కార్బోప్లాటిన్ శరీరం నుంచి బయటికి పోయేది మాత్రం కిడ్నీల గుండానే. మురుగు కాలువ పూడిన మడిలో వాననీరు నిలిచిపోయినట్టు, కిడ్నీ మందగించిన ఒంట్లో ఆ మందు నిలిచిపోతుంది. అందుకే ఈ మందును దేహ పరిమాణాన్ని బట్టి గాక కిడ్నీ పనిని బట్టి కొలుస్తారు. 1989లో ప్రచురితమైన కాల్వర్ట్ సూత్రం చాలా సులభమైనది: జీఎఫ్ఆర్‌కు 25 కలిపి, దాన్ని ఏయూసీ అనే లక్ష్యసంఖ్యతో హెచ్చిస్తే మోతాదు మిల్లీగ్రాములలో వస్తుంది. రక్తంలో మందు మొత్తం మీద ఎంత మేర, ఎంతసేపు ఉండాలో చెప్పేది ఆ లక్ష్యసంఖ్య. మూడు వారాలకొకసారి ఇచ్చే కీమోలో అది సాధారణంగా 5 గాని 6 గాని ఉంటుంది. లక్ష్యం 5 అనుకుంటే, జీఎఫ్ఆర్ 60 ఉన్న రోజున మోతాదు 425 మిల్లీగ్రాములు. 38కి 315. 26కి 255. ఇప్పుడు పాత చీటీలో ఆ 425 ఉండి, మీ బావగారు తొందరపడి దాన్నే ఇవాళ ఎక్కించారనుకోండి, నిజంగా కిడ్నీ పని 26 అయి ఉంటే, రక్తంలో మందు లక్ష్యం 5 బదులు 8 దాటిపోతుంది. రెండు మూడు వారాల మధ్య ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోయి, రక్తస్రావమో, ప్రమాదకరమైన జ్వరమో రావడానికి అది చాలు. అదే మందు 255 మిల్లీగ్రాములు ఇస్తే, బలమైన కిడ్నీలున్న మనిషికి పెద్ద మోతాదు ఇచ్చినంత ఫలితమే ఉంటుంది. మోతాదు తగ్గించారు కాబట్టి చికిత్స తగ్గిపోయిందని మీరు బాధపడనక్కర లేదు. ఆయన శరీరానికి సరిపడే మోతాదు అదే.

రెండో మందు పెమెట్రెక్సెడ్ విషయంలో నాకు మరింత సందేహం ఉంది. ఈ మందులో 70 నుంచి 90 శాతం దాకా మార్పు చెందకుండా మూత్రంలోనే పోతుంది, అది కూడా మొదటి 24 గంటల్లో. కిడ్నీ శుద్ధి నిమిషానికి 45 కంటే తక్కువ ఉన్నవారికి దీన్ని ఇవ్వవద్దని తయారీదారు సూచనల్లోనే ఉంది. మీ నాన్నగారి విషయంలో ఈనాటి రెండు అంకెలూ ఆ హద్దు కింద ఉన్నాయి. రెండు నెలల క్రితం సైతం ఒక లెక్క 60 చూపగా, మరొకటి 41 చూపింది. ఒంట్లో నిలిచిపోతే ఈ మందు నోటి పూతను, విరేచనాలను, రక్తకణాల పతనాన్ని తీవ్రం చేస్తుంది, కిడ్నీని కూడా మరికొంత దెబ్బతీస్తుంది. డైక్లోఫెనాక్ వంటి మాత్రలు దీనితో కలిస్తే ప్రమాదం మరింత పెరుగుతుంది. డైక్లోఫెనాక్ ఆపిన తరువాత కిడ్నీ పని 45 పైకి నిలకడగా వస్తే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు. అలా వచ్చి ఈ మందే నిర్ణయిస్తే, వారం ముందునుంచి రోజూ ఫోలిక్ ఆమ్లం మాత్ర, తొమ్మిది వారాలకొకసారి బీ12 ఇంజక్షన్ తప్పనిసరి అని గుర్తుంచుకోండి. చౌకగా దొరికే ఆ రెండూ మరచిపోతే మందు విషప్రభావం చాలా పెరుగుతుంది.

45 పైకి రాకపోయినా దారి మూసుకుపోదు. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, వినోరెల్బిన్ అనే మందులను విరిచి బయటికి పంపేది ప్రధానంగా కాలేయం. కిడ్నీ తగ్గిందని వీటి మోతాదు తగ్గించనక్కర లేదు. కనుక తగ్గించిన కార్బోప్లాటిన్‌తో పాటు పాక్లిటాక్సెల్ ఇవ్వడం, అదీ ఒకేసారి పెద్ద మోతాదుగా గాక వారం వారం చిన్న మోతాదులుగా ఇవ్వడం, మీ నాన్నగారి వంటి సన్నని, వయసు మీరిన రోగులకు బాగా అలవాటైన పద్ధతి. దీనికి చేతులు, కాళ్లలో తిమ్మిరి ఒక ఇబ్బంది. జెమ్‌సైటబిన్ కూడా వాడతారు గాని, అరుదుగా కిడ్నీలోని సన్నని రక్తనాళాలను మూసివేసే జబ్బు తెస్తుంది కాబట్టి దానికంటే పాక్లిటాక్సెల్ వైపే నేను మొగ్గుతాను. డయాలసిస్ మీద ఉన్న రోగులకు కూడా, డయాలసిస్ సమయాన్ని మందు సమయంతో సరిచూసుకుని, కార్బోప్లాటిన్ ఇస్తున్న కేంద్రాలున్నాయి. కిడ్నీ బాగోలేదు కనుక కీమో లేదు అన్న మాట ఆ స్థితిలో కూడా పూర్తిగా నిజం కానప్పుడు, 26 గాని 38 గాని ఉన్న మనిషికి ఎలా నిజమవుతుంది?

ఇంతదాకా కీమో గురించే రాశాను గాని, మీ ఉత్తరంలో కనిపించని ఒక రిపోర్టు నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది. ఎడినోకార్సినోమా అని తేలిన ప్రతి రోగికీ, చుట్ట తాగినవారైనా సరే, కీమో మొదలుపెట్టే ముందు కణితిలోని జన్యుమార్పుల పరీక్ష చేయాలి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1 అనేవి వాటిలో ముఖ్యమైనవి. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందిలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. పొగ తాగనివారిలో ఎక్కువ, తాగినవారిలో తక్కువ, కాని ఎవరిలోనూ ముందుగా లేదనుకోకూడదు. ఆ మార్పు ఉంటే సీసాలు ఎక్కించే కీమో అవసరం లేకుండానే రోజుకొక మాత్రతో చికిత్స చేస్తారు. ఒసిమెర్టినిబ్ అనే మాత్రను కిడ్నీ శుద్ధి 15 దాకా తగ్గినా మోతాదు మార్చకుండా ఇవ్వవచ్చు. అంతకంటే పాతదైన, చౌకైన గెఫిటినిబ్ కూడా మూత్రంలో పోయేది బహు స్వల్పం. ఏఎల్‌కే మార్పుకు ఇచ్చే క్రిజోటినిబ్‌కు మాత్రం 30 కంటే తగ్గినప్పుడు మోతాదు తగ్గించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: కిడ్నీ రిపోర్టులో ముద్రించే జీఎఫ్ఆర్ అంకెకూ (ఇంగ్లీషులో eGFR), ఈజీఎఫ్ఆర్ జన్యువుకూ (EGFR) అవే నాలుగు అక్షరాలుంటాయి. ఆ పరీక్ష అయిపోయింది అని ఎవరైనా చెబితే, ఏది అయిపోయిందో కాగితం తెరిచి చూడండి.

మొదట తీసిన ముక్క ఈ పరీక్షకు సరిపోకపోయినా బెంగపడకండి. ఛాతీలో నీరు మళ్లీ చేరి, మళ్లీ తీయవలసి వస్తే, ఆ నీటిని పారబోయకుండా అందులోని కణాలను గట్టిపరచి పరీక్షకు పంపమని ముందుగానే అడగండి. చాలామంది రోగులలో అదే చాలు. అదీ కుదరకపోతే రక్తం నుంచి చేసే జన్యుపరీక్ష ఉంది. ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఊపిరాడని స్థితి లేనంతవరకు, కిడ్నీ కుదుటపడటానికి కూడా పనికివచ్చే ఆ రెండు వారాలు ఆగడమే మేలని నా అభిప్రాయం.

కణితి కణాలలో ఎన్నిటి మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ ఉందో చూసే మరో పరీక్షలో 50 శాతం గాని అంతకు మించి గాని వచ్చి, జన్యుమార్పులు లేకపోతే, శరీరపు రక్షణ వ్యవస్థను క్యాన్సర్ మీదికి పురికొల్పే పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ మందు ఒక్కటే ఇచ్చే వీలుంది. ఇవి ప్రతిరక్షకాలు కాబట్టి కిడ్నీని బట్టి మోతాదు మార్చరు. ఖర్చు మాత్రం సామాన్య కుటుంబానికి మోయలేనిది. కొందరిలో శరీరపు రక్షణ వ్యవస్థే కిడ్నీ మీద తిరగబడి వాపు తెస్తుంది. రోజూ గ్యాస్ మాత్రగా వేసుకునే ప్యాంటోప్రజోల్ వంటివి ఆ ప్రమాదాన్ని పెంచుతాయి, కనుక అవసరం లేనప్పుడు ఆ మాత్రను అలవాటుగా కొనసాగించవద్దు.

కీమో తట్టుకోగలరా అన్నది కిడ్నీతో పాటు ఆయన నడకను బట్టి కూడా తేలుతుంది. స్నానం, భోజనం తానే చేసుకుని, పగటిపూట సగానికి పైగా మంచం దిగి తిరుగుతున్నారా, లేక ఎక్కువ భాగం పడుకునే ఉంటున్నారా అన్నది మీరు రాయలేదు. రెండోది నిజమైతే, పైన చెప్పిన జన్యుమార్పు దొరికిన సందర్భంలో తప్ప, కీమో వల్ల మేలుకంటే బాధే ఎక్కువ కావచ్చు. అప్పుడు ఛాతీలో నీరు మళ్లీ చేరకుండా చేయడం, ఎముక నొప్పి ఉంటే ఒక్క విడత రేడియేషన్, మంచి నొప్పి చికిత్స ఇవే సరైన వైద్యం. నాలుగో దశలో కీమో జబ్బును పూర్తిగా తీసివేయదు. ఆయాసం, దగ్గు తగ్గించి, కొన్ని నెలల మంచి కాలాన్ని ఇస్తుంది, జన్యుమార్పుకు తగిన మాత్ర దొరికితే అది ఏళ్లుగా మారవచ్చు. ఆ కాలాన్ని ఎలా గడపాలో నిర్ణయించుకోవలసిన మనిషికి జబ్బు పేరే తెలియకపోవడం నాకు కష్టంగా తోచింది. ఇంటిల్లిపాదీ కూర్చుని కీమో ఇవ్వాలా వద్దా అని వాదించుకుంటున్నారు, ఆయన మాట ఒక్కటే అందులో లేదు. ఒడియాలోనో ఇంగ్లీషులోనో వైద్యుడు మీతో మాట్లాడితే నాన్నగారు మీ మొహాలు చూసి ఊహించుకుంటూ ఉంటారు. మీరు గాని, ఆయన నమ్మే పెద్దలెవరైనా గాని, తెలుగులో, నెమ్మదిగా, ఆయన ఎంత తెలుసుకోగోరుతున్నారో అడుగుతూ చెప్పండి. చాలామంది పెద్దలు మనం భయపడినంతగా కూలిపోరు.

డైక్లోఫెనాక్ ఆపితే నొప్పికి ఏమిటన్న ప్రశ్న వస్తుంది. పారాసిటమాల్ తగిన మోతాదులో వాడవచ్చు. అది చాలకపోతే ట్రమడాల్ తక్కువ మోతాదులో, ఎక్కువ వ్యవధితో, వైద్యుని పర్యవేక్షణలో ఇస్తారు. ఇంకా బలమైన మందు కావలసి వస్తే, మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థాలు కిడ్నీ బలహీనమైనవారిలో పేరుకుని మత్తు, ఒళ్లు అదరడం తెస్తాయి కాబట్టి, చర్మానికి అంటించే ఫెంటనిల్ పట్టీ మేలైనది. ఎముకలకు పాకిందని జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించబోతే, 30 కంటే తక్కువ కిడ్నీ పని ఉన్నవారికి అది తగదని గుర్తు చేయండి. పసరు మందులు, భస్మాలు, ఊరి పేరు చెప్పి అమ్మే క్యాన్సర్ పొడులు పూర్తిగా దూరం పెట్టండి. వాటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉండే ప్రమాదం ఉంది. మీ తోటల ఊళ్లో ఇది చెప్పడం కష్టమే గాని, నీరసమని రోజూ కొబ్బరిబొండాలు కొట్టి ఇవ్వకండి. లేతకొబ్బరి నీటిలో పొటాషియం ఎక్కువ; కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ దెబ్బతింటుంది. మంచినీళ్లు ఎంత తాగాలో కూడా ఆయన మూత్రం, వాపు చూసి వైద్యుడే చెప్పాలి. ఎంత తాగితే అంత మంచిదన్న సలహా ఆయనకు వర్తించదు.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ కార్డులు ఏ రాష్ట్రంలో ఉన్నాయో దాన్ని బట్టి తేలుతుంది. కవిటి చిరునామాతో ఆంధ్ర కార్డు ఉంటే ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద విశాఖ వైపు. ఒడిశా కార్డు ఉంటే, ఆ రాష్ట్రం 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి కటక్ వైపు చూడవచ్చు. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ ఉన్నాయి. కిడ్నీ నిపుణుని కోసం పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గర. అక్కడ చూపించి, కిడ్నీ వైద్యుని అభిప్రాయాన్ని కాగితం మీద రాయించుకుని క్యాన్సర్ వైద్యుని ముందు పెట్టండి. వీలైతే ఆ ఇద్దరినీ ఫోనులో మాట్లాడించండి. మీ ఇంట్లో తగువుకు అసలు పరిష్కారం ఆ సంభాషణలోనే ఉంది.

తిరగడం ఎన్నిసార్లంటే, మాత్రల చికిత్స అయితే నెలకో, రెండు నెలలకో ఒకసారి సరిపోవచ్చు. మూడు వారాల కీమో అయితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు విడతలు. వారం వారం ఇచ్చేదైతే, మొదటిది పెద్ద ఆసుపత్రిలో తీసుకుని, మిగిలినవి బరంపురంలో ఇప్పించే ఏర్పాటు కుదురుతుందేమో ఆ వైద్యుణ్నే అడగండి. ప్రతి విడతకు ఒకటి రెండు రోజుల ముందు రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం బరంపురంలోనే చేయించి, ఫలితం ఫోనులో పంపి, మోతాదు ఖరారయ్యాకే రైలెక్కండి. పాత క్రియాటినిన్‌తో కొత్త మోతాదు వేయనివ్వకండి. తేదీ, బరువు, క్రియాటినిన్, ఇచ్చిన మోతాదు ఒకే కాగితం మీద వరుసగా రాసి ఉంచండి. కీమో తరువాత ఎప్పుడైనా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగవద్దు, విశాఖ దాకా ప్రయాణమూ పెట్టుకోవద్దు. బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికో, అంతకంటే దగ్గరగా అత్యవసర విభాగం ఉన్న చోటికో ఆ రాత్రే తీసుకువెళ్లి, కీమో తీసుకున్న రోగి అని, కిడ్నీలు బలహీనమని, జెంటమైసిన్, అమికాసిన్ వంటి ఇంజక్షన్లు ఇచ్చే ముందు కిడ్నీ రిపోర్టు చూడమని డ్యూటీ డాక్టరుకు చెప్పి, ఆ కాగితం చేతికివ్వండి.